రెండో టచప్ టేబుల్ వెయ్యకండి: హైదరాబాద్ బోర్డు అసెంబ్లీ యూనిట్ల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

చర్లపల్లి, కుషాయిగూడ, మల్లాపూర్, బాలానగర్ ప్రాంతాల్లో సర్క్యూట్ బోర్డుల అసెంబ్లీ యూనిట్లు నడుపుతున్న యజమానులకు, ప్లాంట్ మేనేజర్లకు, క్వాలిటీ హెడ్లకు,

నమస్కారం.

మీ ఫ్లోర్ మీద, సోల్డర్‌ని కరిగించి విడిభాగాల్ని బోర్డుకి అతికించే రీఫ్లో ఓవెన్ దాటగానే ఒక పొడవాటి టేబుల్ ఉంటుంది, చెడిన జాయింట్లని చేత్తో సరిచేసే టచప్ టేబుల్. సోల్డరింగ్ ఐరన్లు, లెన్స్ బిగించిన లైట్లు, ఫ్లక్స్ (సోల్డర్ అంటుకునేలా లోహాన్ని శుభ్రం చేసే రసాయనం) సీసాలు, ఎక్కువైన సోల్డర్‌ని పీల్చే విక్ చుట్టలు, చుట్టూ కూర్చున్న ఆడపిల్లలు. ఓవెన్‌లోంచి వచ్చిన ప్రతి ప్యానెల్ (కొన్ని బోర్డులు కలిసి ఉన్న పలక) వాళ్ల చేతుల మీదుగానే టెస్టింగ్‌కి పోతుంది. ఆర్డర్లు పెరిగినప్పుడల్లా, రిజెక్షన్లు పెరిగినప్పుడల్లా, మీ మొదటి ఆలోచన ఆ పక్కనే ఇంకో టేబుల్ వేసి నలుగురిని కాంట్రాక్టు మీద తీసుకోవడం. అది వెయ్యొద్దని అడగడానికే ఈ ఉత్తరం.

నేను ఎస్‌ఎంటీ లైన్ల మీద, అంటే విడిభాగాల్ని నేరుగా బోర్డు పైనే అతికించే లైన్ల మీద, ప్రాసెస్ పని చేసేవాణ్ణి. మీలో కొందరి దగ్గర ఉద్యోగం చేశాను, కొందరి దగ్గరికి లైన్ మొండికేసినప్పుడు పిలిస్తే వచ్చాను. ఎవరి పేరూ ఇక్కడ రాయడం లేదు. ఒకరి సంగతి రాసినా అది పదిమందికి వర్తిస్తుంది కాబట్టి పేర్లతో పని లేదు.

టచప్ టేబుల్ మీద దొరికే తప్పు అక్కడ పుట్టింది కాదు. చాలావరకు ఓవెన్‌లో పుట్టింది కూడా కాదు. లైన్ మొదట్లో, స్టెన్సిల్ (రంధ్రాలున్న పల్చటి లోహపు రేకు) మీద స్క్వీజీ బ్లేడు సోల్డర్ పేస్ట్‌ని లాగి బోర్డు ప్యాడ్‌ల (విడిభాగాల కాళ్లు అతికే రాగి మచ్చల) మీద అద్దిన ఆ కొద్ది సెకన్లలోనే పుట్టింది. సోల్డర్ లోపాల్లో పెద్ద వాటా పేస్ట్ ప్రింటింగ్‌దేనని ఈ పనిలో ఉన్నవాళ్లంతా ఒప్పుకుంటారు. ఒప్పుకుంటూనే ప్రింటర్ దగ్గర కొత్తగా చేరిన ట్రైనీని నిలబెడతాం, ఓవెన్ అవతల అనుభవం ఉన్న పది చేతులు పెడతాం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

ముందు పేస్ట్ సంగతి చూద్దాం. అది సోల్డర్ పొడి, ఫ్లక్స్ కలిసిన ముద్ద. బరువులో దాదాపు తొంభై శాతం లోహమే అయినా, పరిమాణంలో సగమే లోహం. మిగతా సగం ఫ్లక్స్. అందుకే చిన్నచిన్న వాటికి కూడా దాని గుణం మారిపోతుంది. ఫ్రిజ్‌లో 2 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంచిన జార్‌ని బయటికి తీశాక, మూత తెరవకుండా గది వేడికి రావడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. నైట్ షిఫ్ట్‌లో జార్ అయిపోతుంది, కొత్త జార్ తీసి అరగంటలో మూత తెరుస్తారు. చల్లటి పేస్ట్ మీద గాలిలోని తేమ పడుతుంది. ఓవెన్‌లో ఆ నీరు ఆవిరై చిటపటలాడితే సోల్డర్ చిన్న చిన్న గుండ్లుగా చుట్టూ చెదురుతుంది. పొద్దున టచప్ టేబుల్ మీద సూపర్‌వైజర్ అరుస్తాడు: బాల్స్ చూడటం లేదా, కళ్లు ఎక్కడున్నాయని. ఆ అమ్మాయి కళ్లు సరిగ్గానే ఉన్నాయి. అయిపోయే జార్‌కి ముందే తర్వాతి జార్‌ని బయటపెట్టి, తీసిన టైము దాని మీద రాసే పద్ధతి మీ యూనిట్‌లో లేదు, అంతే.

ఏసీ సంగతి మరీ అన్యాయం. కరెంటు బిల్లు చూసి లంచ్ టైములో ఏసీ ఆపించే అడ్మిన్ మేనేజర్లు నాకు తెలుసు. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో ఆ గంటలో ప్రింటర్ గది ముప్ఫై డిగ్రీలు దాటుతుంది. స్టెన్సిల్ మీద వదిలేసిన పేస్ట్ పల్చబడుతుంది, పైన ఎండిపోతుంది. లంచ్ తర్వాత మొదటి పది ప్యానెళ్లు చూడండి. 0.5 మిల్లీమీటర్ల పిచ్ (కాలికీ కాలికీ మధ్య దూరం) ఉన్న ఐసీ కాళ్ల మధ్య పేస్ట్ జారి కలిసిపోయి ఉంటుంది. ఓవెన్ దాటాక దాన్నే బ్రిడ్జి అంటాం, విక్ పెట్టి లాగేస్తాం. మధ్యాహ్నం మూడింటికి బ్రిడ్జిలు తగ్గిపోతాయి, ఎవరూ కారణం అడగరు.

స్టెన్సిల్‌కి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, మీ డబ్బు అసలు పోయేది ఇక్కడే కనుక. చాలా యూనిట్లలో స్టెన్సిల్ ఆర్డర్ పెట్టేది పర్చేజ్ డిపార్ట్‌మెంట్. కస్టమర్ పంపిన గెర్బర్ (బోర్డు డ్రాయింగ్) ఫైల్‌ని యథాతథంగా వెండర్‌కి పంపుతారు, మందం పాత ఆర్డర్‌లో ఉన్నదే రాస్తారు. ప్యాడ్ ఎంత ఉంటే రంధ్రం అంత. ఒక్క రంధ్రం గురించి కూడా ఎవరూ ఆలోచించరు.

ఆలోచించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. రంధ్రం నోటి వైశాల్యాన్ని దాని లోపలి గోడల వైశాల్యంతో భాగించాలి. ఫలితం 0.66 కంటే తక్కువ వస్తే పేస్ట్ ప్యాడ్ మీదకి పూర్తిగా దిగదు, గోడలకి అంటుకుని స్టెన్సిల్‌తో పాటే పైకి పోతుంది. గుండ్రటి రంధ్రమైతే లెక్క ఇంకా తేలిక: వ్యాసాన్ని మందానికి నాలుగు రెట్లతో భాగిస్తే చాలు. 0.25 మిల్లీమీటర్ల రంధ్రం, 0.12 మిల్లీమీటర్ల స్టెన్సిల్ అనుకోండి. 0.25ని 0.48తో భాగిస్తే 0.52. అది పని చేయదు. అదే స్టెన్సిల్ 0.1 అయితే 0.625, అంటే అంచున ఉంది, రంధ్రం గోడల నునుపు బాగుంటే నడవొచ్చు. 0.08 అయితే 0.78, నిశ్చింత. ఈ లెక్క ఆర్డర్‌కి ముందు ఒకసారి వేసుంటే, బీజీఏ (అడుగున సోల్డర్ బాల్సే కాళ్లుగా ఉండే ఐసీ) కింద పేస్ట్ చాలక ఓపెన్ అయిన, అంటే అతకని బాల్స్ కోసం ఎక్స్‌రేకి బయటికి పంపే ఖర్చు ఉండేది కాదు. మందం తగ్గిస్తే పెద్ద కనెక్టర్లకి పేస్ట్ చాలదంటారా? నిజమే. అప్పుడు కనెక్టర్ రంధ్రాలు పెంచుకోవచ్చు, లేదా చోటును బట్టి మందం మారే మెట్లున్న స్టెన్సిల్ చేయించుకోవచ్చు. ఈ చర్చ జరగాల్సింది ప్రాసెస్ ఇంజనీరుకీ డిజైనరుకీ మధ్య. పర్చేజ్ మెయిల్‌లో అది జరగదు.

క్యూఎఫ్ఎన్ ప్యాకేజీల (కాళ్లు బయటికి పొడుచుకు రాకుండా అడుగునే ఉండే ఐసీల) కింద నడిమి ప్యాడ్ కూడా ఇలాంటిదే. అంత పెద్ద ప్యాడ్‌కి అంత పెద్ద రంధ్రం తెరిచి పెడతారు. కరిగిన సోల్డర్ మడుగులో ఐసీ తేలుతుంది, చుట్టూ ఉన్న సన్న కాళ్లు ప్యాడ్‌లకి అందవు. పైనుంచి చూస్తే అంతా బాగానే ఉంటుంది. టచప్‌లో ఆ అమ్మాయి అంచున ఐరన్ పెట్టి సోల్డర్ రాస్తుంది, బయటికి తళతళలాడుతుంది, లోపల ఖాళీ. నడిమి రంధ్రాన్ని గళ్లుగా విడగొట్టి, సుమారు 50 నుంచి 70 శాతం మాత్రమే పేస్ట్ పడేలా చేస్తే ఐసీ దానంతట అదే దిగి కూర్చుంటుంది, ఫ్లక్స్ ఆవిరికి దారి దొరికి లోపలి గాలి బుడగలు కూడా తగ్గుతాయి.

ప్రింటర్‌లో బోర్డు కింద ఆధారం, స్టెన్సిల్ అడుగు తుడుపు, స్టెన్సిల్ నుంచి బోర్డు విడిపోయే వేగం: ఈ మూడింటినీ మీ షిఫ్ట్ ఇన్‌చార్జి నోట విన్నది ఎప్పుడో గుర్తు చేసుకోండి. పల్చటి బోర్డు కింద పిన్నులు సరిగా లేకపోతే స్క్వీజీ ఒత్తిడికి మధ్యలో వంగుతుంది. వంగిన చోట స్టెన్సిల్‌కీ ప్యాడ్‌కీ మధ్య సందు, ఆ సందులోకి పేస్ట్ పాకుతుంది. తుడిచే పేపర్ రోల్ ఖర్చని ఐదు ప్రింట్లకి తుడవాల్సింది ఇరవైకి తుడుస్తున్నారు. రోల్ ధరనీ, విక్ ధరనీ, ఒక టచప్ అమ్మాయి నెల జీతాన్నీ పక్కపక్కన పెట్టి చూడమని అకౌంట్స్‌కి చెప్పండి.

ఇక రిజిస్టర్. లోపాల రిజిస్టర్ అడిగితే చూపిస్తారు, అందులో ప్రతి వరుసలోనూ ఒకే మాట: 'సోల్డరింగ్ ప్రాబ్లమ్'. పక్కన 'రీవర్క్ డన్'. ఎన్ని బోర్డులో ఉంటుంది. ఏ కాంపొనెంటు, ప్యానెల్‌లో ఎన్నో బోర్డు, ఏ గంటలో, ఏ రీల్ (విడిభాగాల చుట్ట) మార్చాక అన్నది ఉండదు. ట్రబుల్‌షూటింగ్ అంటే సగం పని ఈ కాలమ్‌లే. ఒక పెద్ద కాగితం మీద ప్యానెల్ బొమ్మ ప్రింట్ తీసి టచప్ టేబుల్ గోడకి అంటించండి. ఐరన్ పెట్టే ముందు ఆ చోట ఒక చుక్క పెట్టమనండి. షిఫ్ట్ అయ్యేసరికి ఆ బొమ్మే మాట్లాడుతుంది.

చుక్కలన్నీ ప్రతి బోర్డులోనూ సీ27 (ఒక కెపాసిటర్ నంబరు) మీదే పడ్డాయా? అది డిజైన్ తప్పు. ఆపరేటర్ని వదిలెయ్యండి. ప్యానెల్‌లో ఎడమ మూల బోర్డు మీదే పడ్డాయా? ప్రింటర్ ఆధారమో, స్టెన్సిల్ రంధ్రం మూసుకుపోవడమో. పదిన్నరకి మొదలయ్యాయా? పదిన్నరకి ఏం మారింది, రీలా, జారా, మనిషా చూడండి. ఏ వరుసా లేకుండా అంతటా చెదిరి ఉన్నాయా? అప్పుడు బోర్డుకి వేడి ఎక్కి దిగే తీరుని, అంటే ఓవెన్ ప్రొఫైల్‌నీ, పేస్ట్ వయసునీ, బోర్డు ప్యాడ్‌ల పూతనీ అనుమానించండి. నాకు తెలిసి ఇంతకంటే చవకైన యంత్రం ఇంకోటి లేదు.

సీ27 ఉదాహరణ ఊరికే తీసుకోలేదు. చిన్న కెపాసిటర్ ఒక కాలి మీద నిలబడిపోవడం, మనం టూంబ్‌స్టోన్ అనేది, దాదాపు ప్రతి చోటా, విడిభాగాల్ని బోర్డు మీద పెట్టే పిక్ అండ్ ప్లేస్ మెషిన్ ఆపరేటర్ మెడకి చుట్టుకుంటుంది. 'నాజిల్ చూసుకోలేదు, ఫీడర్ సరిగా పెట్టలేదు.' ఒక్కోసారి అదీ నిజమే. కానీ ఒక మిల్లీమీటర్ పొడవు, అర మిల్లీమీటర్ వెడల్పు ఉన్న 0402 చిప్ విషయంలో ఎక్కువగా జరిగేది వేరు. దాని ఒక ప్యాడ్ సన్నటి ట్రాక్‌కి, రెండో ప్యాడ్ నేరుగా గ్రౌండ్ రాగి పరుపుకి కలిసి ఉంటుంది. ఆ రాగి వేడిని లాగేసుకుంటుంది. ట్రాక్ వైపు సోల్డర్ ముందు కరిగి చిప్ చివరని పట్టుకుని లాగుతుంది, రెండో వైపు ఇంకా కరగలేదు కాబట్టి పట్టి ఉంచేది ఏమీ లేదు. చిప్ లేచి నిలబడుతుంది. గ్రౌండ్ ప్యాడ్‌ని సన్నటి చువ్వలతో మాత్రమే రాగికి కలిపితే, అంటే థర్మల్ రిలీఫ్ ఇస్తే, సమస్య సగం పోతుంది. డిజైన్ మార్చడం కస్టమర్ చేతిలో ఉంటే, కరిగే ఉష్ణోగ్రత దగ్గర ఓవెన్ వేగం తగ్గించి రెండు ప్యాడ్‌లూ కలిసి వేడెక్కే టైము ఇవ్వాలి. నాజిల్ ఎన్నిసార్లు మార్చినా ఇది పోదు.

ఓవెన్ గురించి ఒక సంగతి పదే పదే చెప్పాల్సి వస్తోంది. ఓవెన్ తెర మీద కనిపించే అంకెలు ఓవెన్‌వి, బోర్డువి కావు. 260 సెట్ చేస్తే బోర్డు 260కి చేరిందని అర్థం కాదు. కాంపొనెంట్లు ఎక్కించిన అసలు బోర్డు మీద, బరువైన కాయిల్ దగ్గర ఒకటి, బీజీఏ కింద ఒకటి, అంచున చిన్న రెసిస్టర్ దగ్గర ఒకటి చొప్పున వేడి కొలిచే థర్మోకపుల్ తీగలు అంటించి ఓవెన్‌లోంచి పంపితేనే నిజం తెలుస్తుంది. మనం వాడే, సీసం లేని ఎస్ఏసీ305 సోల్డర్ అంటే 96.5 శాతం తగరం, 3 శాతం వెండి, 0.5 శాతం రాగి. అది 217 నుంచి 220 డిగ్రీల మధ్య కరుగుతుంది. అన్నిటికంటే చల్లటి జాయింట్ కూడా ఆ హద్దు దాటి సుమారు నిమిషం ఉండాలి, అన్నిటికంటే వేడి కాంపొనెంటు దాని తయారీదారు ఇచ్చిన హద్దు దాటకూడదు. ఈ రెండింటి మధ్య సందు చిన్నది. వెండర్ ఇచ్చిన ఒకే 'రెసిపీ' మీద మొబైల్ చార్జరూ, అరచేతి మందం ఇన్వర్టర్ బోర్డూ రెండూ నడిపితే ఆ సందులో ఏదో ఒకటి పట్టదు.

జాయింట్ బాగా రాలేదంటే వేడి పెంచడం మనకి అలవాటైపోయింది. చాలాసార్లు అది పరిస్థితిని పాడు చేస్తుంది. ముందు దశల్లో ఎక్కువ వేడి, ఎక్కువసేపు పెడితే పేస్ట్‌లోని ఫ్లక్స్ తన పని చేయాల్సిన సమయానికి అయిపోతుంది. బీజీఏ ప్యాకేజీ వేడికి మూలల్లో కొంచెం పైకి వంగుతుంది. బాల్ కరుగుతుంది, కింద పేస్టూ కరుగుతుంది, కానీ రెండూ తాకవు. చల్లారేటప్పుడు ప్యాకేజీ మళ్లీ దిగి బాల్ పేస్ట్ మీద కూర్చుంటుంది, అప్పటికి రెండింటి మీదా ఆక్సైడ్ పొర, దాన్ని కడిగే ఫ్లక్స్ లేదు. కలవకుండానే గట్టిపడతాయి. దిండు మీద తల అని దానికి పేరు పెట్టారు. టెస్ట్ జిగ్ మీద పాస్ అవుతుంది. లారీలో నాలుగు కుదుపులకి విడిపోతుంది. ఆ బోర్డు తిరిగొస్తే మళ్లీ హాట్ ఎయిర్ కొడతారు, మళ్లీ పాస్ అవుతుంది, మళ్లీ వెళ్తుంది.

ఇలా లక్షణాన్ని మాన్పి పంపే అలవాటు ఎంత దూరం పోతుందో చెప్పడానికి మన పరిశ్రమలో అందరూ చదవాల్సిన దర్యాప్తు నివేదిక ఒకటుంది. 2014 డిసెంబర్ 28న ఇండోనేషియాలోని సురబయ నుంచి సింగపూర్ వెళ్తున్న ఎయిర్ ఏషియా క్యూజెడ్8501 విమానం జావా సముద్రంలో కూలి, అందులోని 162 మందీ చనిపోయారు. 2015 డిసెంబర్‌లో వచ్చిన నివేదిక ప్రకారం, చుక్కాని ఎంత తిరగాలో అదుపు చేసే యూనిట్ లోపలి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ మీద సోల్డర్ జాయింట్ పగిలి ఉంది. కూలడానికి అదొక్కటే కారణం కాదు. పదే పదే హెచ్చరిక రావడం, గాల్లోనే సర్క్యూట్ బ్రేకర్ లాగడం, ఆటోపైలట్ తెగిపోయాక పైలట్లు విమానాన్ని అదుపు చేయలేకపోవడం, అన్నీ కలిశాయి. కానీ ఆ యూనిట్ మొరాయింపు అంతకు ముందు 12 నెలల్లో 23 సార్లు నమోదై ఉంది. ఎక్కువసార్లు రీసెట్ చేసి, టెస్ట్ చేసి పంపించారు. టెస్ట్‌లో పాస్ అయింది కదా మరి. మనం విమానాల బోర్డులు చేయడం లేదని తీసిపారేయకండి. 'రీవర్క్ డన్' అని మన రిజిస్టర్‌లో రాసేదీ అదే.

మనం చేసేవేంటి? స్మార్ట్ మీటర్లు, వీధి లైట్ల డ్రైవర్లు, యూపీఎస్‌లు, బోరుబావి దగ్గర రైతు ఫోన్ చేసి మోటార్ వేసుకునే మొబైల్ స్టార్టర్లు. ఈ చివరిదాని గురించి చెప్తాను. వానలు మొదలయ్యాక ఒక యూనిట్‌కి స్టార్టర్ బోర్డులు సంచుల్లో వెనక్కి వచ్చాయి. వచ్చినవాటిలో సప్లై దగ్గర షార్ట్. రిజిస్టర్‌లో సోల్డరింగ్ ప్రాబ్లమ్ అనే ఉంది. టచప్‌లో ఆ చుట్టుపక్కల జాయింట్లన్నీ మళ్లీ వేడి చేశారు, కొన్ని పనిచేశాయి, పంపారు, మళ్లీ వచ్చాయి. జాయింట్లలో ఏ తప్పూ లేదు. తప్పంతా బోర్డుల్ని విడదీయడానికి వేసే వీ-గ్రూవ్ గీత పక్కన ఉన్న ఒక సిరామిక్ కెపాసిటర్‌లో. ప్యానెల్ నుంచి బోర్డుల్ని టేబుల్ అంచున పెట్టి చేత్తో విరుస్తున్నారు. విరిచినప్పుడల్లా బోర్డు వంగి, కెపాసిటర్ అడుగున సోల్డర్ అంచు దగ్గర నుంచి ఏటవాలుగా సన్నటి పగులు లోపలికి పోయింది. పైనుంచి మైక్రోస్కోప్‌లో కూడా కనపడదు, కోసి పాలిష్ పట్టి చూస్తే కనపడింది. ఆ పగులులోకి తేమ చేరేదాకా బోర్డు బాగానే నడుస్తుంది. పొలంలో డబ్బాకి తేమ ఎప్పుడు చేరుతుంది? సరిగ్గా నాట్లప్పుడు. రోలర్ బ్లేడ్ల కట్టర్ ఒకటి కొని, తర్వాతి డిజైన్‌లో కెపాసిటర్‌ని గీతకి దూరంగా, గీతకి సమాంతరంగా తిప్పి పెట్టించాక ఆ లోపం మళ్లీ రాలేదు. కట్టర్‌కి బడ్జెట్ లేదని అంతకు ముందు రెండేళ్లు చెప్పారట.

టచప్ అనేది ఏ హానీ లేని పని అని కూడా అనుకోకండి. నో-క్లీన్ (తర్వాత కడగక్కర్లేని) ఫ్లక్స్ ఓవెన్ వేడికి పూర్తిగా కాలితేనే నిరపాయం. టచప్‌లో సీసాలోంచి బ్రష్‌తో ఐసీ నిండా పూసి, ఒక్క కాలికి ఐరన్ పెడతారు. మిగతా ఫ్లక్స్ కాలకుండా ఆమ్లంగానే ఐసీ కింద మిగిలిపోతుంది. ఐపీఏలో (ఒక రకం ఆల్కహాల్‌లో) ముంచిన గుడ్డతో తుడిస్తే అది పోదు, పల్చగా పరుచుకుంటుంది. నెల్లూరు, కాకినాడ వైపు గాలికి ఆ మురికి తేమ పీల్చుకుని కాళ్ల మధ్య లీకేజీ మొదలవుతుంది, మెల్లగా చెట్టు కొమ్మల్లాంటి తగరపు పోగులు మొలుస్తాయి. ఫ్లక్స్ సీసా, బ్రష్ తీసేసి ఫ్లక్స్ పెన్నులు ఇవ్వండి. ఐరన్లు 450 డిగ్రీలకి పెట్టి పని తొందరగా కానిస్తున్నారు, ప్యాడ్‌లు ఊడొస్తున్నాయి. సన్నటి బిట్‌కి బదులు ఉలి ఆకారం బిట్ ఇస్తే 350 దగ్గరే పనవుతుంది.

ఇంకోటి, గుసగుసగా మాత్రమే చెప్పుకునేది. లెడ్ (సీసం) లేని బోర్డుని టచప్‌లో 63/37 తీగతో (63 శాతం తగరం, 37 శాతం సీసం) ముట్టుకుంటున్నారు, అది 183 డిగ్రీలకే కరిగి హాయిగా పాకుతుంది కాబట్టి. యూరప్‌లో 2006 జూలై నుంచి, మన దగ్గర 2014 మే నుంచి ఈ-వేస్ట్ నిబంధనల కింద, వాటి పరిధిలోకి వచ్చే పరికరాల్లో సీసం 0.1 శాతం దాటకూడదు. ఎక్స్‌పోర్ట్ కస్టమర్ ఒక్క జాయింట్‌ని ఎక్స్‌రే గన్‌తో చూస్తే కంటైనర్ మొత్తం ఆగిపోతుంది. రెండు రకాల తీగా ఒకే టేబుల్ మీద ఉండకూడదు.

అసలు ఆ జాయింట్లలో ఎన్నిటికి టచప్ అవసరమో కూడా చూడండి. 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చాక ఆ చుట్టుపక్కల సోల్డరింగ్ నేర్చిన చేతులు పెరిగాయి, ఆ సంస్థ ఈసీ టీవీల కాలం నుంచి మన క్వాలిటీ వాళ్ల కంటికి మంచి జాయింట్ అంటే అద్దంలా మెరవాలి. సీసం ఉన్నప్పుడు అది సరైన కొలతే. ఎస్ఏసీ305 జాయింట్ చల్లారాక మసకగా, కొంచెం గరుకుగా ఉండటం మామూలు. అసెంబ్లీ బోర్డుల నాణ్యతకి ప్రమాణమైన ఐపీసీ-ఏ-610 కూడా దాన్ని లోపంగా లెక్కపెట్టదు. అంచున సోల్డర్ సాఫీగా పాకి పట్టుకుందా లేదా అన్నదే చూడాలి. మెరవలేదని రిజెక్ట్ చేసి, మళ్లీ వేడి చేసి, మంచి జాయింట్‌లో రాగికీ తగరానికీ మధ్య పెళుసు పొరని మందం చేస్తున్నాం. మీ టచప్ పనిలో ఈ రకం ఎంతో లెక్క తీయించండి, మొదటి టేబుల్‌కే పని చాలదేమో.

'మేం చిన్నవాళ్లం, పేస్ట్ కొలిచే ఎస్‌పీఐ మెషిన్ కొనే స్థోమత లేదు' అన్న జవాబు నాకు తెలుసు. కొనమని అడగడం లేదు. ప్రింటర్ పక్కన ఒక స్టీరియో మైక్రోస్కోప్, పేస్ట్ ఎత్తు కొలిచే చిన్న టేబుల్ గేజ్. ప్రతి సెటప్ తర్వాత మొదటి ప్రింట్, ఆ తర్వాత గంటకోసారి ఒక ప్రింట్ చూసి, బాగాలేకపోతే బోర్డు కడిగేసే అధికారం అక్కడి మనిషికి ఇవ్వండి. కాంపొనెంట్లు ఎక్కక ముందు బోర్డు కడగడానికి పట్టేది కొన్ని నిమిషాలు. ఎక్కాక అదే తప్పుకి ఎంత పడుతుందో మీకే బాగా తెలుసు.

అధికారం అన్నాను, అది ఈ ఉత్తరంలో అన్నిటికంటే కష్టమైన కోరిక. ప్రింటర్ ఆపరేటర్ 'ప్రింట్ బాలేదు, లైన్ ఆపుతున్నా' అంటే ఇవాళ ఏం జరుగుతుంది? ప్రొడక్షన్ మేనేజర్ పరుగున వచ్చి, టార్గెట్ ఎవరిస్తారని అడుగుతాడు. రెండోసారి ఆ కుర్రాడు నోరు మెదపడు. అటు టచప్‌లో ఇన్ని బోర్డులు చేస్తే ఇంత ఇన్సెంటివ్ అని పెట్టారు. అంటే లైన్ ఎంత చెడ్డగా నడిస్తే వాళ్లకి అంత డబ్బు. వాళ్లని తప్పు పట్టను, ఘట్‌కేసర్, కీసర నుంచి కంపెనీ బస్సులో వచ్చి పొగ లాగే ఫ్యాన్ కూడా లేని టేబుల్ దగ్గర రోజంతా రోజిన్ పొగ పీలుస్తున్నారు. ఆ పొగ వల్ల ఆస్తమా వస్తుందని వైద్యులకి ఎప్పటి నుంచో తెలుసు. ఫ్యాన్లు మాత్రం ఈ నెలలోనే పెట్టించండి, దానికి ఏ చర్చా అవసరం లేదు. ఇన్సెంటివ్‌ని బోర్డుల సంఖ్య నుంచి తీసేసి, మొదటిసారే పాస్ అయిన శాతానికి ముడిపెట్టి, ప్రింటర్ నుంచి ప్యాకింగ్ దాకా అందరికీ పంచండి.

2025 మార్చిలో కేంద్రం కాంపొనెంట్ల తయారీకి 22,919 కోట్ల పథకం ఆమోదించాక మీలో చాలామంది రెండో లైన్ గురించి ఆలోచిస్తున్నారు. మంచిదే. కొత్త లైన్ కొటేషన్‌తో పాటు టచప్ బెంచీల కొటేషన్ కూడా అడిగారని ఒకరిద్దరి దగ్గర విన్నాను. ఆ బెంచీల ఆర్డర్‌ని ఒక నెల ఆపండి. ఆ నెలంతా గోడ మీద ప్యానెల్ బొమ్మ ఉండాలి, జార్ల మీద టైము ఉండాలి, తర్వాతి స్టెన్సిల్ డ్రాయింగ్ మీద పర్చేజ్‌తో పాటు ప్రాసెస్ ఇంజనీరు సంతకం ఉండాలి. సోమవారం ప్రొడక్షన్ మీటింగ్‌లో ఎన్ని బోర్డులు రీవర్క్ అయ్యాయని అడిగే బదులు, బొమ్మ మీద చుక్కలు ఎక్కడ గుమిగూడాయో అడగండి. నెల తర్వాత కూడా బెంచీలు కావాలనిపిస్తే తెప్పించుకోండి.

ఇట్లు,
మీ లైన్ల మధ్యే తిరిగే ఒక ఎస్‌ఎంటీ ప్రాసెస్ ఇంజనీరు